ఎత్తని చెయ్యి

ఆరేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. బరువు అంటే అందరూ గుండె మీద ఉంటుందంటారు. నాకది కుడిచేతి బొటనవేలి మీద ఉంది. ఆ గోరు కొంచెం వంకరగా పెరుగుతుంది. చూసినవాళ్లు తలుపులో పడిందా అని అడుగుతారు. అవునంటాను. ఆ చిన్న అబద్ధం ఒక పెద్దదానికి మూత. మా అమ్మకు చెప్పలేదు. డైరీకి కూడా చెప్పలేదు. మీకు చెప్పడం కాస్త సులువు. మీరు నా ముఖం చూడరు.

మాది పార్వతీపురం. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లలో నా గొంతు ఎలా ఉంటుందో క్లాసులో సగం మందికి తెలియదు. జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. లాబ్ రికార్డు కింద నవల పెట్టుకుని చదువుకునేదాన్ని. ఒక్క పనిలో మాత్రం నాకు పేరు వచ్చింది, ప్రోగ్రాం రాయడంలో. "దాని బుర్రే బుర్ర" అనేవారు. ఆ మాట ఎవరైనా అంటే తల దించుకునేదాన్ని. లోపల ఎంత ఇష్టంగా వినేదాన్నో నాకే తెలుసు.

రెండో ఏడాది రోబో క్లబ్బులో చేరాను. అక్కడ నాకు జోడీగా దొరికిన అమ్మాయిని ఇక్కడ సుమిత్ర అంటాను. అది ఆమె పేరు కాదు. జి.మాడుగుల దాటాక జీపు ఆగిపోయే చోటు నుంచి గంట నడిస్తే వాళ్ల ఊరు. కాఫీ, మిరియం, కాస్త చోడి అంటే రాగి పంట. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. నాలా బెరుకు మనిషి కాదు. నవ్వితే వరండా అంతా వినపడేది. నేను రాసేదాన్ని, ఆమె కట్టేది. మోటార్లు, చక్రాలు, వైర్లు అన్నీ ఆమె చేతిమీదే. సోల్డరింగ్ చేసిన ప్రతి అతుకునూ చల్లారాక మూడుసార్లు లాగి చూసేది. కాఫీ పండ్లలో ఎర్రవి మాత్రమే ఏరే చేతులకి ఆ ఓపిక అలవాటే అనుకునేదాన్ని. ఒకసారి ఆ మాట పైకే అంటే నవ్వింది. "ఓపికేటి కాదే. ఊడిపోతే మళ్లీ సెయ్యాల గదా, బద్దకం" అంది.

మేం ఆడింది సుమో. మనుషులు ఆడేది కాదు, అరచేతిలో పట్టే రోబోలు ఆడేది. నల్లటి గుండ్రని బల్ల, దాని అంచు చుట్టూ తెల్లని పట్టీ. రెండు రోబోలను ఎదురెదురుగా పెట్టి మీట నొక్కి అయిదు సెకన్లలో చేతులు తీసేయాలి. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. ఒకదాన్ని ఒకటి నెట్టుకోవాలి, బల్ల దిగిపోయింది ఓడినట్టు. రోబో తనంతట తానే పడిపోకుండా దాని కడుపు కింద రెండు చిన్న కళ్లుంటాయి. తెల్లపట్టీ కనిపించగానే అవి చెబుతాయి, రోబో వెనక్కి తిరుగుతుంది. మా రోబోకి సుమిత్ర పొట్టేలు అని పేరు పెట్టింది. తల వంచి గుద్దడమే దానికి వచ్చు.

మా క్లబ్బులో ఒక ఆచారం ఉండేది. ఓడిన రోబోను అక్కడికక్కడే అందరి ముందూ బల్ల మీద విప్పాలి. పాడైన భాగం బయటపడగానే క్లబ్బు నడిపే మాస్టారు "ఎవరిది?" అని ఒక్క మాటే అడిగేవారు. ఆ పని చేసినవాళ్లు చెయ్యెత్తి "నాది" అనాలి. అన్నాక, ఏడాదిపాటు ఆ పని ఇంకొకరికి అప్పగించి వేరే పని నేర్చుకోవాలి. ఇది శిక్ష కాదనేవారు మాస్టారు. మంచి ఉద్దేశంతోనే అనేవారు. కానీ చెయ్యెత్తినవాళ్ల ముఖాలు నేను చూశాను.

మూడో ఏడాది డిసెంబరులో అరకులో పోటీ పెట్టారు. కాలేజీల పిల్లలతో పాటు సరదాకి రోబోలు చేసుకునే ఉద్యోగస్తులు కూడా వచ్చారు. చలికి బ్యాటరీలు నీరసించిపోతాయని అందరం వాటిని శాలువాల్లో, చంకల్లో పెట్టుకు తిరిగాం. సుమిత్ర వాళ్ల నాన్న తెల్లారకముందే జీపెక్కి, రెండు బస్సులు మారి వచ్చాడు. హాలులో ఒక మూల నిలబడ్డాడు. పక్కనున్న ఎవరెవరికో పొట్టేలును చూపించి, కూతురి గురించి "మా గుంట సేసినాది" అని చెప్పుకుంటున్నాడు. పొట్టేలు గెలుస్తూ పోయింది. ఒకటి, రెండు, సెమీఫైనల్. గెలిచిన ప్రతిసారీ సుమిత్ర నన్ను ఎత్తి తిప్పేది. నాకు సిగ్గు, సంతోషం రెండూ.

ఫైనల్‌కి ముందు అరగంట విరామం ఇచ్చారు. అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. మొదటి గుద్దు ఇంకాస్త బలంగా ఉండాలనిపించింది నాకు. పొట్టేలునూ లాప్‌టాప్‌నూ తీసుకుని హాలు వెనక వరండాలోకి వెళ్లాను. అక్కడ నేలంతా తెల్ల టైల్స్. తెల్లటి నేల మీద పెడితే పొట్టేలు అంతా అంచే అనుకుని వెనక్కి వెనక్కి పోతుంది. అందుకని ప్రోగ్రాంలో అంచును చూసే వరుసల ముందు రెండేసి అడ్డగీతలు పెట్టాను. అలా పెడితే యంత్రం ఆ వరుసలను వదిలేస్తుంది. హాస్టల్ గదిలో వందసార్లు చేసిన పనే అది. పరీక్ష అయ్యాక గీతలు తీసేయాలి. అప్పుడే మైకులో మా జట్టు పేరు పిలిచారు. "బేగి రాయే!" అని సుమిత్ర వచ్చి లాప్‌టాప్ మూసేసింది. పొట్టేలులోకి ఎక్కించిన ప్రోగ్రాంలో గీతలు అలాగే ఉండిపోయాయి.

మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లదే ఫైనల్. మొదటి ఆట. పొట్టేలు దూసుకెళ్లింది. అవతలి రోబో పక్కకు తప్పుకుంది. మాది ఆగలేదు. తెల్లపట్టీని చూడనట్టే దాటుకుంటూ పోయి కింద పడింది.

ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఇక్కడ నన్ను నేను మోసం చేసుకోను. కింద పడిన చప్పుడు వినిపించేలోపే తెలిసింది. ఆటకీ ఆటకీ మధ్య రెండు నిమిషాలు ఇస్తారు, ఏమైనా సరిచేసుకోవచ్చు. నాకు ఒక్క నిమిషం చాలు. అంపైరు అడిగారు, ఏమైనా చూసుకుంటారా అని. సుమిత్ర నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఎందుకు ఊపాను? ఈ ప్రశ్న ఆరేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. లాప్‌టాప్ తెరిస్తే అంతమంది ముందు నా తప్పు కనబడుతుందనా? అవతలి రోబో ఈసారి ఎదురుగా దొరికితే పొట్టేలు దాన్ని నెట్టేస్తుందిలే, ఎవరికీ తెలియదులే అనుకున్నానా? రెండూ నిజమే అయి ఉండాలి. రెండో ఆటలోనూ పొట్టేలు నేరుగా వెళ్లి పడిపోయింది.

కింద పడ్డదాన్ని నేనే తీశాను. విప్పే బల్ల పది అడుగుల దూరంలో ఉంది. మాస్టారు అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డారు. "ఎవరిది?" అని అడుగుతారు. నేను చెయ్యెత్తాలి. దాని బుర్రే బుర్ర అన్న నోళ్లన్నీ అక్కడే ఉన్నాయి. నడుస్తూనే బొటనవేలు పొట్టేలు కిందికి పోనిచ్చాను. రెండు కళ్లకూ కరెంటు ఇచ్చే ఎర్ర వైరు ఎక్కడుందో నాకు తెలుసు. సుమిత్రే చూపించింది, ఎప్పుడైనా తను లేకపోతే నేను సరిచేసుకోవాలని. గోరు దాని కిందికి దోపి లాగాను.

ఊడలేదు.

అంత గట్టిగా అతికింది ఆ పిల్ల. మళ్లీ లాగాను. గోరు చీలింది. మూడోసారి లాగితే వైరు వచ్చింది.

బల్ల మీద పొట్టేలును తిరగేయగానే వేలాడుతున్న ఎర్ర వైరు అందరికీ కనిపించింది. మా సీనియర్ ఒకడు "ఏటి సుమిత్రా, సోల్డరు బదులు అన్నం మెతుకు పెట్టి అంటించినావేటి?" అన్నాడు. నవ్వులు. మాస్టారు నవ్వలేదు. "ఎవరిది?" అన్నారు.

సుమిత్ర ఆ వైరు వైపు కాసేపు చూసింది. మూడుసార్లు లాగి చూసిన అతుకు అది. చెయ్యెత్తింది. "నాది సార్."

ప్రోగ్రాం వంక ఎవరూ చూడలేదు. కారణం కళ్ల ముందే వేలాడుతుంటే ఎవరు చూస్తారు?

తర్వాత హాలు బయట మెట్ల మీద కూర్చున్నాం. సుమిత్ర నా చెయ్యి చూసింది.

"ఒలే, రగతం వత్తంది నీకు!"

"ఏటీ నేదే. బల్ల అంచు తగిలింది."

"ఏటీ నేదంటావేటి, గోరు సీలిపోతే! ఇలాగియ్యి."

సంచిలోంచి నల్లటి ఇన్సులేషన్ టేపు తీసింది. తుండుగుడ్డ చించి చుట్టి, దాని మీద టేపు బిగించింది. వైరుకి చుట్టినంత శ్రద్ధగా చుట్టింది. "ఇది మాత్రం ఊడదులే" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నా మూలాన్నే పోనాది గదే. మూడుసార్లు నాగినాను. ఒట్టు, నాగినాను."

"నాకు తెలుసే" అన్నాను.

అంతే అన్నాను. అది నిజం. నేనన్న ఆ ఒక్క నిజాన్ని ఆమె ఓదార్పు అనుకుంది.

వాళ్ల నాన్న దగ్గరికి వచ్చాడు. నాతో అన్నాడు: "మా గుంట సేతి పని సరిగ్గా నేక నీకూ ఓటమొచ్చీసినాది. ఏటనుకోకు తల్లీ." ఆయన నా ముందు తల కాస్త వంచాడు. మా నాన్న వయసు మనిషి. నేను పరవాలేదన్నట్టు తలూపాను. ఎంత తేలిగ్గా ఊపానో!

బస్సులో అందరూ నిద్రపోతుంటే లాప్‌టాప్ తెరిచి గీతలు చెరిపేశాను. ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "ఓడిపోయాం. వైరు ఊడింది." ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. మరి ఎవరి కోసం రాసినట్టు?

నేను బిడియస్తురాలిని, అందుకే నోరు రాలేదు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది ఒప్పుకోదగ్గ కారణంలా వినిపిస్తుంది. కానీ బిడియం ఉన్నవాళ్లు మాట్లాడకుండా ఊరుకుంటారు, అంతవరకే. వైరు పీకరు. మొదటిది మరుపు, అది ఎవరికైనా వస్తుంది. రెండోది మౌనం. మూడోదానికి మాత్రం నా దగ్గర మంచి పేరు లేదు. పది అడుగుల నడకలో, చల్లగా ఆలోచించి, నా తప్పును తీసుకెళ్లి నన్ను నమ్మిన మనిషి చేతుల్లో పెట్టాను.

ఆచారం ప్రకారం సుమిత్ర సోల్డరింగ్ ఐరన్ జూనియర్లకు అప్పగించింది. ఆమెకు పోటీ ఫారాలు నింపే పని, చార్టులు గీసే పని వచ్చాయి. ఏడాది అయ్యేసరికి కాలేజీ ఆఖరికి వచ్చింది. ఆఖరి ప్రాజెక్టులో మాస్టారే ఐరన్ చేతికిస్తే "వొద్దు సార్, నాను రిపోర్టు రాత్తాను" అంది. ఆయన బలవంతం చేయలేదు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఆలస్యమైన కొద్దీ చెప్పడం కష్టమవుతుందని అప్పటికే తెలుసు, అయినా ఆలస్యం చేస్తూనే పోయాను.

ఇప్పుడు నేను విశాఖలో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నాను. సుమిత్ర కొండల మీద ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతోంది. పోయిన నెల చూడటానికి వెళ్లాను. పిల్లలు ఆమె చుట్టూనే తిరుగుతున్నారు. స్టాఫ్‌రూం బీరువా మీద నాలుగు అట్టపెట్టెలు కనిపించాయి. రోబో సామాను. ఎవరో బడికి ఇచ్చారట, చాలా నెలలైందట. సీలు కూడా తీయలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తలుపు దగ్గర నుంచి "టీచర్, ఇయ్యాలైనా ఇప్పుతారేటి?" అంది. రోజూ అడిగే ప్రశ్నలా ఉంది అది.

"పోయే, లెక్కలు సేసుకో ముందు" అని నవ్వుతూ పంపేసింది. తర్వాత నాతో మెల్లగా అంది: "నా సేతి పని నీకు తెల్సు గదే. పిల్లల ముందు ఊడిపోతే సిగ్గు."

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. ఇదీ దాచితే ఈ రాతంతా దండగ. "నేను వచ్చి నేర్పుతాలే, సెలవు పెట్టుకుని" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వున్నావు గాబట్టి" అంది. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మలుపులన్నీ దిగేదాకా ఆ మాటే చెవుల్లో ఉంది. ఆమె దగ్గర తీసుకున్నదాన్ని ఆమెకే దానంలా ఇవ్వబోయాను, కృతజ్ఞత కూడా పుచ్చుకున్నాను.

నేను వెళ్లి నేర్పకూడదు. ఆ పెట్టెలు విప్పాల్సింది ఆమె. అందుకు ఆమెకు పాఠాలు అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెప్పాలని మొన్న ఫోను చేశాను. పిల్లల అల్లరి వినిపిస్తోంది. "సెప్పవే" అంది. వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాను.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. మీరు క్షమించాలని కాదు. క్షమించడానికి మీకు నేను చేసింది ఏమీ లేదు. ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. క్షమించకపోతే అది న్యాయమే. ఆ వైరు ఊడలేదు. నేను పీకాను. ఆమె అతుకు రెండుసార్లు నన్ను ఆపింది, మూడోసారికి గాని నేను గెలవలేదు. ఆమె చేతుల్లో ఏ లోపమూ లేదు, ఏనాడూ లేదు.

రాసేశాను. ఛాతీలో ఏదో వదులైంది. ఊపిరి లోపలికంటా వెళుతోంది. ఇంతకాలం పట్టిందా ఈ నాలుగు మాటలకి అనిపిస్తోంది. కొండ మీద ఆమె ఈ పూట కూడా ఆ పెట్టెల కిందుగా నడిచి క్లాసుకు వెళ్లి ఉంటుంది, తన చేతుల్ని నమ్మకుండానే. ఈ తేలిక నాకంటే ముందు ఆమెకు అందవలసింది.