వదిన ముట్టుకున్న కంప్యూటర్

అన్నయ్య పెళ్ళి చేసుకుని వదినను యానాం తీసుకొచ్చింది జనవరిలో. నా కంప్యూటర్ మొరాయించడం మొదలైంది ఏప్రిల్లో. ఈ రెండింటినీ ముడిపెట్టడానికి నాకు ఎంతో కాలం పట్టలేదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఇంటినుంచే ఉద్యోగం. ఆఫీసు పని వాళ్ళిచ్చిన లాప్‌టాప్ మీద చేసేదాన్ని. ముందు గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్ మాత్రం నా సొంతం. మూడేళ్ళ కిందట ఒక్కో భాగం కొని నేనే బిగించుకున్నాను. దాని మీద ఐదుగురం జట్టుగా తుపాకుల ఆట ఆడేవాళ్ళం. మిగతా నలుగురినీ నేనెప్పుడూ చూడలేదు, హెడ్‌ఫోన్లో గొంతులే తెలుసు. మా కెప్టెన్ విశాఖలో నర్సు. మామూలు రోజుల్లో పొద్దున్న ఏడింటికి ప్రాక్టీసు, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వేరే జట్లతో మ్యాచ్.

వదిన సైన్సు టీచరు. పుట్టిల్లు అడవిపొలం, క్రైస్తవ కుటుంబం. అన్నయ్య ఇష్టపడి చేసుకున్నాడు. నేను కాదనలేదు, కానీ మనసారా ఔననీ అనలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, "ఓ గంట నీ కంప్యూటర్ వాడుకోనా అమ్మాయ్?" అని అడిగేది. "దానికేముంది వదినా" అనేదాన్ని. పిల్లల ప్రశ్నపత్రాలు టైపు చేసుకుని, రెండు కాకముందే లేచి నాకు కుర్చీ ఇచ్చేది.

మొదటిసారి జరిగినప్పుడు ఆట పావుగంట బాగానే సాగింది. తర్వాత తెర మీద బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలైంది. వెనక అడుగుల చప్పుడు వినిపించి మౌస్ తిప్పాను. బొమ్మ తిరిగేలోపే చచ్చిపోయాను. ఆ మ్యాచ్‌లో అలా ఆరుసార్లు.

"ఏమైంది నీకు? కళ్ళు మూసుకుని ఆడుతున్నావా?" అంది కెప్టెన్.

నెట్ చూశాను, బాగానే ఉంది. సోమవారం పొద్దున్న అదే ఆట నీళ్ళలా సాగిపోయింది. మళ్ళీ ఆదివారం అదే వరస. ఆ పై ఆదివారమూ అంతే. వదిన ముట్టుకోని రోజు బాగుంటుంది, ముట్టుకున్న రోజు పాడవుతుంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇక కనిపెట్టడం మొదలుపెట్టాను. ఆమె ఒక పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తుంది. నేను గదిలోకి వస్తే తెర మీద ఏదో గబుక్కున మూసేస్తుంది. ఒకసారి అన్నం తింటూ, "ఆ తుపాకుల మోత వింటుంటే తలనొప్పొచ్చేస్తోంది" అంది కూడా. నా ఆట మాన్పించడానికే ఏదో చేస్తోందని ఖాయం చేసుకున్నాను. మంచినీళ్ళ నెపంతో గదిలోకి వెళ్ళేదాన్ని. ఆమె లేచాక కుర్చీ ఎటు జరిగిందో కూడా చూసేదాన్ని.

దరియాలతిప్ప దగ్గర రొయ్యల చెరువుల నుంచి అన్నయ్య వచ్చాక చెప్పాను.

"నీకేవన్నా మతిపోయిందా? ఆవిడికేం పని, నీ కంప్యూటర్ పాడుచెయ్యడానికి?" అన్నాడు.

అన్నయ్య ఆమె పక్షమే అనుకున్నాను. దొరకబుచ్చుకోవాలంటే రుజువు కావాలి. ఒక చిన్న ప్రోగ్రాం వేశాను. కంప్యూటర్లో ఏ క్షణాన ఏది నడుస్తోందో, ప్రాసెసర్ ఎంత వేగంతో పని చేస్తోందో, ఎంత వేడిగా ఉందో అన్నీ వరుసగా రాసిపెడుతుంది. అది ఉన్నట్టు తెర మీద కనిపించదు. వారమంతా నడవనిచ్చాను.

ఆ ఆదివారం మ్యాచ్ గెలిస్తే పై దశకు వెళ్ళేవాళ్ళం. నా వల్లే ఓడిపోయాం. "ఓ రెండు వారాలు వేరే వాళ్ళని పెట్టుకుంటాం, ఏమీ అనుకోకు" అంది కెప్టెన్. హెడ్‌ఫోన్ తీసి పారేసి పెరట్లోకి వెళ్ళాను. వదిన బట్టలు ఆరేస్తోంది.

"నా కంప్యూటర్‌కి ఏం చేస్తున్నారు వదినా?"

"నేనేం చేసేను?"

"మీరు కూచున్న రోజే ఎందుకు పాడవుతోంది? నన్ను చూడగానే ఏం మూసేస్తున్నారు?"

తడి చీర తీగ మీద సగమే పడింది. ఆమె దాన్ని సరిచేయలేదు.

"వచ్చిన కాణ్ణుంచీ నన్ను కనిపెడుతూనే ఉన్నావు. తెలీదనుకున్నావా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

రుజువు ముఖాన కొడదామని ఆ రికార్డు తెరిచాను. ఆమె కూర్చున్న గంటలో నడిచింది టైపింగు ప్రోగ్రాం ఒక్కటే. అదీ రెండింటికి ఐదు నిమిషాల ముందే ఆగిపోయింది. పక్క వరసలో అంకెలు చూశాను. ఆట మొదలైనప్పుడు ప్రాసెసర్ వేడి అరవై ఒక్క డిగ్రీలు. పది నిమిషాలకు ఎనభై ఎనిమిది. పావుగంటకు తొంభై తొమ్మిది. సరిగ్గా అక్కడే వేగం సగానికన్నా కిందికి పడిపోయింది. కాస్త చల్లారగానే వేగం పెరిగింది, మళ్ళీ వేడెక్కి మళ్ళీ పడింది. ప్రాసెసర్ తాను కాలిపోకుండా తన పని తానే తగ్గించుకుంటోంది. నా బొమ్మ ఆగి ఆగి కదిలింది అందుకే. సోమవారం పొద్దుటి వరసలో వేడి ఎనభై ఐదు దాటలేదు. తేడా వదినది కాదు. పొద్దుటి చల్లదనానికీ, మా రేకుల కప్పు కింద మండే మధ్యాహ్నానికీ ఉన్న తేడా అది. చలికాలంలో ఆ గది అంత వేడెక్కలేదు కాబట్టి అప్పుడు బయటపడలేదు.

అప్పుడు కూడా నా బుద్ధి మారలేదు. ఫ్యానుకేమైనా అడ్డం పెట్టిందేమోనని పక్క మూత విప్పబోయాను. ఉప్పుగాలికి మరలు తుప్పుపట్టి ఎంతకీ తిరగలేదు. మూడేళ్ళుగా దాన్ని ఎవరూ విప్పలేదని ఆ మరలే చెబుతున్నాయి. నూనె చుక్క వేసి ఎలాగో విప్పాను. లోపల ఫ్యాను కింది రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. ఫ్యాను ఊడదీసి చూస్తే, వేడిని పైకి లాగడానికి ప్రాసెసర్ మీద రాసే పేస్టు ఎండి, గోడ సున్నంలా పెళ్ళలు కట్టింది. శుభ్రం చేసుకోవాల్సింది నేనే. ఒక్కసారీ చేయలేదు.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"మీరేం చెయ్యలేదు వదినా. వేడెక్కి ఆగిపోతోంది," అన్నాను.

"ఎంత వేడి?"

"తొంభై తొమ్మిది."

"నీళ్ళు మరిగేంత." ఆ దుమ్ము వైపు చూసి, "అది చూసుకుని తర్వాత నన్నడగాల్సింది," అంది.

తలవంచుకునే మళ్ళీ అడిగాను, సిగ్గులేకుండా. "మరి నేనొస్తే మూసేసేది ఏంటి?"

"మా అమ్మకి ఉత్తరం. పెళ్ళయిన కాణ్ణుంచీ నా ఫోనెత్తట్లేదు. చేత్తో రాస్తే ఆవిడికి కళ్ళానవు, పెద్దక్షరాలు కావాలి. పెన్‌డ్రైవ్‌లో పట్టికెళ్ళి ప్రింటు తీయించి పంపుతున్నాను. జవాబు రావట్లేదు. ఇది నీకెలా చెప్పమంటావు?"

అడవిపొలం మా ఇంటికి ఆటోలో వెళ్ళేంత దూరమే.

మర్నాడు కాకినాడ వెళ్ళి కొత్త పేస్టు తెచ్చాను. దుమ్ము బ్రష్షుతో దులిపి, పాత పేస్టు తుడిచి కొత్తది రాశాను. పై ఆదివారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే రెండు గంటలాడినా వేడి డెబ్బై ఐదు దాటలేదు. ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. జట్టులోకి నన్ను మళ్ళీ తీసుకోవడానికి మాత్రం జూన్ దాకా పట్టింది.

వదిన ఆ తర్వాత నా కంప్యూటర్ అడగలేదు. ప్రశ్నపత్రాలు స్కూల్లోనే చేసుకునేది. "వాడుకోండి వదినా" అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "పర్లేదమ్మాయ్" అంది. వానలు పడ్డాక ఒక ఆదివారం తనే వచ్చి కుర్చీ లాక్కుంది.

ఆ ప్రోగ్రాం ఇంకా నడుస్తూనే ఉంది. ఈసారి దాచలేదు, ఉందని చెప్పేశాను.

"వేడి చూడ్డానికేనా?" అంది, నా మొహంలోకి చూస్తూ.

"ఇప్పుడు అందుకే."

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టి, తలుపు దగ్గరికి వేసి లోపలికి రమ్మంది. ఉత్తరం ఒంటరిగా రాసుకోనిద్దామని నేను బయటే ఉండి తలుపు వేశాను.