ఒక్కడికి అంత అరుగా?

ఈ రోజు నేను కట్టుకోబోయే ఇంటి ప్లాను పంచాయతీ ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. వీధి వైపు పెట్టుకున్న అరుగు పంచాయతీ దారిలోకి వచ్చిందట. నరసన్నపేట ఎండలో ఆఫీసుకు నడిచి వెళ్లి, ఇప్పుడేం చెయ్యాలని గుమస్తాను అడిగాను.

"ఏటుంది మావా, అరుగు తీసేసి మళ్లీ గీయించుకు రా. అయిపోతాది."

"అరుగు తియ్యను బాబూ."

"ఇంట్లో ఎంతమందేటి?"

"నానొక్కడ్నే."

"ఒక్కడివి, నీకంత అరుగెందుకు సెప్పు?"

"ఒక్కడ్నే గదా, అందుకే."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. లోపలి గదిలోకి పిలవందే ఎవరొస్తారు? అరుగుంటే సంతకు వెళ్లేవాళ్లు మూట దించుకుంటారు, మంచినీళ్లు అడుగుతారు.

చివరికి ఉపాయం అతనే చెప్పాడు. గోడ వెనక్కి జరిపితే అరుగు నా స్థలంలోనే పడుతుంది, గది మాత్రం చిన్నదైపోతుంది. సాయంత్రం ఖాళీ స్థలంలో ముగ్గు పోసి చూసుకున్నాను. గదిలో నా మంచం పడుతుంది. పోయినేడు కాలం చేసిన మా ఆవిడ మంచానికి చోటు లేదు.

అయినా ప్లాను గీసేవాడితో అలాగే గీయమన్నాను. ఆ మంచం అరుగు మీద వేస్తాను. మీరెవరైనా ఇటు వస్తే, నన్ను పిలవక్కర్లేదు, కాసేపు కూర్చోండి.