గులాం నబీ వేసిన వాలుబండ

తాండూరులో నాపరాయికి నునుపు పట్టించేవాళ్లు చాలామందే ఉన్నారు గాని, గులాం నబీ అన్న అంత మొండివాడు మాత్రం ఇంకొకడు లేడు. మా ఎదురిల్లే. బండ మీద ఇసుకా నీళ్లూ పోసి, చేతిలో ఇంకో రాయి పట్టుకుని పొద్దంతా రుద్దేవాడు. రుద్దాక వంగి తన మీసం అందులో చూసుకునేవాడు. మీసం కనిపించకపోతే ఆ బండ గడప దాటేది కాదు. "ఇయ్యాల ఇస్తనంటివి గదన్నా" అని కొనుక్కున్నవాళ్లు మొత్తుకున్నా సరే, "రేపు రా" అనేవాడు. ఆ రేపు ఎప్పుడొచ్చేదో ఆ దేవుడికే తెలియాలి. మా వసారాకు బండలు వేయడానికి వానాకాలం మొత్తం తీసుకున్నాడు. నేను తిట్టని తిట్టు లేదు. అయినా చెప్పొద్దూ, ఆ వసారాలో కూర్చుంటే లేవబుద్ధి కాదు.

పెళ్లయిన కొత్తలోనే ఈయన రబియా వదినను అత్తగారి దగ్గర వదిలేసి రంగూన్ పోయాడు. అక్కడ దొరల ఇళ్లకు నేలలు వేస్తే మంచి జీతమని ఎవడో చెవిలో ఊదాడట. పోయిన కొన్నాళ్లకే యుద్ధం వచ్చింది. మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు. వదిన మోమిన్‌పేటలో తల్లిగారింటికి పోకుండా, మా అందరి రవికలూ కుట్టుకుంటూ ఇక్కడే అత్తను సాకింది. అత్త కూడా పోయింది. ఇక్కడ నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, గులాం నబీ అన్న రైలు దిగి మా గల్లీలోకి నడిచి వచ్చాడు. చంకలో మూడేళ్ల ఆడపిల్ల.

గల్లీ మొత్తం గుమ్మాల్లోకి వచ్చింది. అందరికీ ఒకటే అనుమానం, నాకూ అదే. వదిన గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, ఆ రోజు అందరికీ అర్థం కావాలని కాబోలు, తెలుగులోనే అడిగింది.

"గీ పిల్ల నీదా?"

"కాదు. మా పక్కింటోళ్ల పిల్ల. బర్మావోళ్లు. తండ్రి మొన్న మొన్ననే ఆడి లడాయిల పోయిండు. తల్లి జరమొచ్చి పోయింది. కాళ్లు పడిపోయినయని పిల్లను ఎవ్వరు దగ్గరికి తియ్యలే. నేను తెచ్చుకున్న."

వదిన ఆ పిల్ల గడ్డం పట్టుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గుండ్రటి ముఖం, చిన్న కళ్లు, చిన్న ముక్కు. "నీ పోలిక ఒక్కటి లేదు. బతికిపోయినవ్" అని, పిల్లను లాక్కుని లోపలికి పోయి పాలలో రొట్టె పిసికి తినిపించింది. మొగుడికి మాత్రం పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మంచి పని చేసింది. నేనైతే వారం దాకా ఇచ్చేదాన్ని కాదు.

కన్నతల్లి పెట్టిన పేరు మ్యా. వదిన సైరా అని పిలుచుకుంది. ఠాణాలో అమీను సాబు పిలిపించి ఏ దేశం పిల్ల అని అడిగితే, "ఆడ పుట్టింది సాబ్, ఇప్పుడైతే మా తాండూరుదే" అని చెప్పి వచ్చాడట అన్న. వాళ్లకు వేరే పిల్లలు కలగలేదు. ఉన్న ఒక్క పిల్లనూ అన్న నేల మీద కూర్చోనిచ్చేవాడు కాదు. గనికి పోతే వెంటే, బజారుకు పోతే వెంటే, పెద్దేములులో పెళ్లికి పోతే భుజం మీదే. పిల్ల పెరిగింది, బరువెక్కింది, ఈయన నడుము వంగింది. "జర కింద కూసోబెట్టన్నా, నడుము ఇరుగుతది" అంటే, "నా బిడ్డ నీకేమన్న బరువైతుందా ఇంద్రమ్మా?" అని నా మీదికే వచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

సైరాకు పదేళ్లు నిండాక వికారాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. కళ్లు చూపించుకుందామని నేనూ వాళ్లతో పాసింజరు ఎక్కాను. కాళ్లలోకి బలం రాదని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. అన్న ముఖం పీక్కుపోయింది. అప్పుడామె, పాతబడి మూలకు పడేసిన చక్రాల కుర్చీ ఒకటి తెప్పించి, "దీన్ని తీసుకుపోండి, చక్రాలు చేత్తో తిప్పుకోవడం నేర్పండి" అంది. నేర్పడానికి ఏముంది! అందులో కూర్చోబెట్టారో లేదో, పిల్ల వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. చెంగు నోట్లో కుక్కుకుని వదిన ఏడుస్తోంది. అన్న పడిపోతుంది పడిపోతుంది అంటూ పిల్ల వెనకాలే ఉరుకుతున్నాడు. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. ఊపిరి కాస్త తీసుకున్నాక అన్న వంగి ఆ వరండా నేలను చేత్తో తడిమాడు. మా తాండూరు బండే. "నున్నగున్నది, అందుకే గిట్ల ఉరుకుతున్నది" అన్నాడు.

కుర్చీ ఇంటికొచ్చిన మర్నాటి నుంచి సైరా ఒకటే పాట, బడికి పోతానని. మా అమ్మాయి దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు ఎప్పుడో నేర్చేసుకుంది. మా తాండూరు గుల్బర్గా జిల్లాలోంచి హైదరాబాద్ జిల్లాకు మారిన మరుసటేడు అది. బడి పెద్దసారు జంగప్ప గుల్బర్గా వైపు మనిషి, మాటకు ముందు కన్నడంలో 'నోడ్రీ', అదే 'చూడండి', అంటాడు. చెడ్డవాడు కాదు గాని, ఒక మాట అన్నాడంటే అంతే.

"నోడ్రీ, నబీ సాబ్. పొద్దుగాల నువ్వు ఎత్తుకొచ్చి దించి పోతవు. నడుమల పిల్లకు ఏమన్న అయితే బయటికెట్ల వస్తది? ఎవరు మోస్తరు? మూడు మెట్లున్నయి. తనంతట తను లోపటికొచ్చి, తనంతట తను బయటికి పోతెనే చేర్చుకుంట."

అన్న ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు, అదే వింత. గని నుంచి మూడు పొడుగాటి బండలు ఎంచి తెచ్చాడు. ఎండాకాలం సెలవులు మొత్తం వాటిని రుద్దాడు. ఏ నవాబుల హవేలీకీ అంత నునుపు పెట్టి ఉండడు. బడి మెట్ల మీద కంకర పోసి, ఏటవాలుగా ఆ బండలు పరిచాడు. బడి తెరిచే ముందు గల్లీలో అందర్నీ పిలిచి చూపించాడు. అందరం వంగి ముఖాలు చూసుకున్నాం. "అబ్బ, ఏం పనితనం!" అన్నాం. నేను కూడా అన్నాను.

బడి తెరిచిన రోజు పొద్దున సన్న తుంపర పడింది. పెద్దసారు మెట్ల పైన నిలబడ్డాడు. పిల్లలంతా కిటికీల దగ్గర మూగారు. సైరా కొత్త లంగా కట్టుకుని, పళ్లు బిగబట్టి చక్రాలు తిప్పుతూ వాలు ఎక్కింది. సగం దాకా బాగానే పోయింది. అక్కడ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, ముందుకు కదల్లేదు. తర్వాత కుర్చీ మొత్తం జర్రున వెనక్కి జారి ఒక పక్కకు ఒరిగింది. పిల్ల నేల మీద పడింది. నుదురు చిట్లి కళ్లలోకి నెత్తురు కారింది. కిటికీ దగ్గర ఎవడో నవ్వాడు. వాడెవడో నాకు దొరికి ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని.

పెద్దసారు తలకాయ అడ్డంగా ఊపి లోపలికి పోయాడు. అన్న పిల్లను ఎత్తుకుని, కుర్చీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. "బడి లేదు, గిడి లేదు. నా చేతులున్నన్నాళ్లు నేనే మోస్త" అన్నాడు. వదిన కట్టు కడుతుంటే సైరా ఏడవలేదు. మధ్యాహ్నం అన్న వంగి ఎత్తుకోబోతే, చేతులు తోసేసింది.

"నన్ను ముట్టకు అబ్బా."

అంతే. ఆనాటి నుంచి తండ్రిని ఎత్తుకోనివ్వలేదు. నేల మీద చేతులు ఆనించి, ఒళ్లు ఈడ్చుకుంటూ వాకిట్లోకీ వంటింట్లోకీ తిరగసాగింది. మోచేతులు దోక్కుపోయాయి. అన్న గోడకు చేరగిలబడి అది చూస్తూ కూర్చునేవాడు. అన్నం పెడితే కలిపి అలాగే వదిలేసేవాడు. ఇద్దరిలో ఎవరిని చూసి ఎక్కువ బాధపడాలో నాకు తెలిసేది కాదు.

ఒక పొద్దున వదిన జొన్నలు విసురుతోంది. నేను ఎదురుగా కూర్చుని రెండో చెయ్యి వేస్తున్నాను. విసుర్రాయి అరిగిపోయి, జొన్నలు నలగకుండా జారి బయటికొస్తున్నాయి. "ఇంద్రమ్మా, దీనికి గాట్లు కొట్టియ్యాలె, మస్తు నున్నగైంది" అంటూనే వదిన పిడి వదిలేసింది. నా ముఖంలోకి చూసింది. నేనూ ఆమె ముఖంలోకి చూశాను. ఓయమ్మో, ఇంత చిన్న సంగతి! రోజూ మా చేతుల కిందే ఉంది.

బడి బండకు కూడా గాట్లు పెట్టాలని వదిన మొగుడితో చెప్పింది. ఆయన అంతెత్తున లేచాడు. "నా బండ మీద ఉలి పెడతవా? మంది ఏమనుకుంటరు? గులాం నబీకి రాయి సాఫ్ చెయ్యరాదని నవ్వరా?" అన్నాడు. ఇక ఆయనతో మాటలు పెట్టుకోలేదు వదిన. ఆదివారం అన్న గనికి పోగానే, ఆయన సంచిలోంచి ఉలీ సుత్తీ తీసింది. నేను మా ఇంటి సుత్తి పట్టుకున్నాను. ఇద్దరం బడికి పోయి, కొంగులు బిగించి, ఆ అద్దంలాంటి బండ మీద టకాటకా కొట్టడం మొదలుపెట్టాం. వంకర టింకర గాట్లు. ఒకటి లోతు, ఒకటి పైపైన. నా బొటనవేలు నల్లబడింది.

ఎవరు మోశారో కబురు, అన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నా రాయిని సంపుతున్నరా!" అని ఒక్క కేక పెట్టాడు.

వదిన లేవలేదు. సుత్తి కూడా దించలేదు. "నీ రాయి నా బిడ్డను పడేసింది" అంది.

అన్న వంగి మేం పెట్టిన గాట్ల మీద వేళ్లు పెట్టి చూశాడు. "గిట్లనా కొట్టుడు? ఇటియ్యి" అని వదిన చేతిలో ఉలి గుంజుకుని కూర్చున్నాడు. అన్నం టైమయింది, లేవలేదు. మేం నీళ్లు తెచ్చి ఇచ్చాం. మూడు బండల మీదా అడ్డగీతలు, వరస తప్పకుండా, ఒకే లోతున పెట్టాడు. కొడుతున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. రాతి దుమ్ము పడిందని అనుకుందాం.

సోమవారం పొద్దున వదిన బడి నుంచి కుర్చీ తెచ్చుకుని, సైరాను తనే ఎత్తి అందులో కూర్చోబెట్టి తీసుకుపోయింది. బండల మీద రెండు బిందెల నీళ్లు గుమ్మరించి, తడిగా ఉండగానే సైరాను ఎక్కమంది వదిన. పెద్దసారు మళ్లీ పైన నిలబడ్డాడు. అన్న మాత్రం రోడ్డుకు అవతల ముఖం తిప్పుకుని నిలబడ్డాడు, చూడలేనన్నాడు. చక్రాలు గాట్లను పట్టుకున్నాయి. పిల్ల మెల్లగా ఎక్కింది, నడుమ ఆగి ఊపిరి తీసుకుంది, మళ్లీ ఎక్కింది. పైకి పోయాక కుర్చీ తిప్పి, దిగి చూపించి, మళ్లీ ఎక్కింది. "నోడ్రీ, ఇంక చాలమ్మా, లోపటికి రా" అన్నాడు జంగప్ప సారు.

సాయంత్రం గంట కొట్టే వేళకు అన్న పని ఆపుకుని, చేతులు కడుక్కుని, పిల్లను ఎత్తుకొచ్చుకుందామని బడికి పోయాడు. తరగతి ఖాళీ. సైరా మా అమ్మాయితోనూ ఇంకో ఇద్దరు పిల్లలతోనూ కలిసి బజారు వెనక సందులోంచి ఎప్పుడో వచ్చేసింది. ఆయన బడి చుట్టూ వెతికి, స్టేషను దాకా ఉరికి, అందర్నీ అడిగి, చివరకు మా గల్లీలోకి వచ్చిపడ్డాడు. సైరా వాళ్లింటి ముందు రోడ్డు మీద కుర్చీలో కూర్చుని ఉంది. గుమ్మంలో వదిన. లోపలికి ఎత్తుకుపోతానని ఆమె అడిగింది, నేనూ అడిగాను. "వద్దత్తా, అబ్బా రానీ" అని అక్కడే కూర్చుంది పిల్ల.

"ఏడ పోయినవ్ అబ్బా? నేను ఎప్పుడో వచ్చిన" అంది నవ్వుతూ.

"ఎవర్నడిగి వచ్చినవ్?" అని అరిచాడు అన్న. అరిచి, అరుపు మధ్యలోనే మెట్టు మీద కూలబడి, టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్న పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇగ నాతోని నీకేం పని లేదు గద బిడ్డా" అన్నాడు.

సైరా నవ్వు ఆగిపోయింది. చక్రం ఆయన మోకాలికి తగిలేదాకా కుర్చీని దగ్గరికి తెచ్చుకుంది. ఇంటి మెట్ల వైపు చూసింది. రెండు మెట్లు, వాటి పైన ఎత్తు గడప.

"బడికి బండ వేసినవ్. మనింటికెందుకు వెయ్యలే?"

నేను వదిన వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. మాకెవరికీ తట్టలేదు. అన్నకు తట్టకపోవడం కాదని ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"ఇంటికి గూడ వేస్తే, ఇగ నిన్ను ఎవరెత్తుకుంటరు?" అన్నాడు.



"రేపు వెయ్యి" అంది పిల్ల. "గాట్లు పెట్టి వెయ్యి."

తర్వాత రెండు చేతులూ చాపింది.

"ఇయ్యాలకైతే ఎత్తుకో."