టీవీకి దిష్టి తీసిన మా అమ్మ

మా చిన్నప్పుడు... తాండూరులో మా ముందుగదిలో చెక్క తలుపుల టీవీ ఉండేది. ఆదివారం పొద్దున వాడకట్టు పిల్లలంతా దాని ముందు, చల్లటి నాపరాళ్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు.

అప్పట్లో ఒక హిందీ సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో దారి తప్పిన ఒక అమ్మాయి, ఇల్లు చేరడానికి ఆమె పడే పాట్లు. రాకెట్ అంటే అట్టలకు వెండిరంగు కాగితం అంటించి, మధ్యమధ్యలో పెళ్లి పందిట్లో పెట్టే బల్బులు పెట్టారన్నమాట... అయినా మాకు ఊపిరి ఆడేది కాదు.

మా అందరికంటే పెద్ద అభిమాని మా అమ్మ. చేట ఒళ్లో పెట్టుకుని, వంటింటి గడప దగ్గర కూర్చుని, కందిపప్పులో రాళ్లు ఏరుతూ చూసేది. ఊరికే చూసేది కాదు... ఆ పిల్లతో మాట్లాడేది! ఏ గ్రహం మీదో రాక్షసుడు పొంచి ఉంటే "అరే, ఉధర్ నక్కో జా బేటీ!" అని అరిచేది. హిందీ పిల్ల కదా, అటు పోవద్దని తెలుగులో చెబితే అర్థం కాదని... ఇంకోసారి "పొద్దటిసంది ఏం తినలే, ముఖం ఎట్ల గుంజుకపోయిందో సూడుండ్రి" అని మాకు చూపించి బాధపడేది.

పిల్లలు సగం సీరియల్ కోసం, సగం మా అమ్మ కోసం వచ్చేవాళ్లు. నాకూ అప్పటిదాకా గర్వంగానే ఉండేది.

చివరి భాగం రానే వచ్చింది. ఆ రోజు గది కిక్కిరిసిపోయింది. నాతో ఆరో తరగతి చదివే అమ్మాయిలు కూడా వచ్చారు, మా ఇంటికి వాళ్లు రావడం అదే మొదలు. రాకెట్ దిగింది... తలుపు తెరుచుకుంది... పొగలోంచి ఆ పిల్ల బయటికొచ్చి మెట్టు మీద నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం.

అంతలో వెనక నుంచి "జరగుండ్రి, జరగుండ్రి" అంటూ అమ్మ వచ్చింది. చేతిలో ఇత్తడి తాంబాళం, అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు. దూరం పోయినవాళ్లు తిరిగొస్తే గడప అవతలే నిలబెట్టి దిష్టి తీయడం మా ఇంట్లో అలవాటు. అమ్మ తిన్నగా పోయి టీవీకి దిష్టి తీసింది.

"ఎన్ని దినాలకొచ్చింది పిల్ల... ఉత్తగనే లోపలికి రమ్మంటమా?" అంటూ కళ్లు తుడుచుకుని, ఆ నీళ్లు పారబోయడానికి బయటికి నడిచింది.

గదంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు బళ్లో ఆ అమ్మాయిలు నన్ను మధ్యలో నిలబెట్టి, డస్టర్ తిప్పుతూ దిష్టి తీశారు. జుట్టునిండా చాక్‌పీసు పొడి. ఏడుస్తూ ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరికొట్టాను.

"నీకేం సమజైతదని టీవీ ముంగట కూసుంటవ్? అవి అట్టలు! ఆ పిల్ల ఉత్తదే! నీతోటి నా ఇజ్జత్ పోయింది!"

నా జుట్టు దులపడానికి చెయ్యి చాపిన అమ్మ, ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉత్తదని నాకెరుకనే బిడ్డా" అంది.

తర్వాతి ఆదివారం ఇంకో సీరియల్ మొదలైంది. పిల్లలు "అత్తమ్మా, రా" అని పిలిచినా అమ్మ పని ఉందంటూ వంటింట్లోనే ఉండిపోయింది. నాకు హాయిగా అనిపించింది... రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ నిజంగా హాయిగానే అనిపించింది. ఆ తర్వాత అమ్మ టీవీ చూడకపోలేదు. దానితో మాట్లాడటం మాత్రం మానేసింది.

ఇప్పుడు మేం వికారాబాద్‌లో ఉంటున్నాం. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ కొన్నాళ్లుగా మా దగ్గరే ఉంది. మొన్న మధ్యాహ్నం మా అమ్మాయి ప్రాణంగా చూసే అంతరిక్షం సిరీస్‌లో ఈ సీజన్ ఆఖరి ఎపిసోడ్ పెట్టింది. తెలుగు డబ్బింగే, అమ్మ కూడా పక్కన కూర్చుంది. అందరినీ భూమికి పంపించేసి, పాడైన ఓడలో ఒక పెద్దాయన ఒక్కడే మిగిలిపోయాడు... అక్కడితో ఆపేశారు!

మా అమ్మాయి దిండు విసిరికొట్టింది. "ఇట్లెట్ల ఆపుతరు వీళ్లు!" అని ఒకటే ఏడుపు. కాసేపటికి అమ్మ వైపు తిరిగి, "నీకు బాధ కాలేదా అమ్మమ్మా?" అని అడిగింది.

అమ్మ నల్ల కళ్లద్దాలు నావైపు తిరిగాయి.

"నాకేం సమజైతది బిడ్డా" అంది.

అది నా మాటే... ఇన్నేళ్లయినా అమ్మ దగ్గర అలాగే ఉంది. అక్కడ కూర్చోలేక, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్లిపోయాను. ముందుగదిలోంచి అమ్మ గుసగుస వినిపించింది.

"గాయన ఒక్కడే ఉంటడా ఆడ?"

"వచ్చే సీజన్ దాకా అంతే అమ్మమ్మా. రెండేండ్లు పడ్తదంట."

"రెండేండ్లా! ఏం తింటడే పాపం... వచ్చినంక జర దిష్టన్న తీస్తరో లేదో."

టీ తీసుకుని నేను గదిలోకి రాగానే అమ్మ ఠక్కున ఆగిపోయింది. తప్పు చేస్తూ దొరికినట్టు, కొంగు సర్దుకుంటూ కూర్చుంది. ఆయన వచ్చిన రోజు మనమే తీద్దాం అమ్మా అనాలనుకున్నాను. గ్లాసు మాత్రం చేతికిచ్చి, పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు టీవీలు గోడంత అయ్యాయి. రాకెట్లు అచ్చం నిజమైనవాటిలాగే ఉంటున్నాయి... వాటిలో ఉన్నవాళ్లు తిన్నారో లేదో అడిగేవాళ్లే తగ్గిపోయారు.

మీ ఇళ్లల్లో టీవీతో మాట్లాడిన అమ్మలూ నానమ్మలూ ఉండే ఉంటారు కదా... వాళ్లు ఏమనేవాళ్లో కింద రాయండి. ఒక్కొక్కటీ మా అమ్మకు చదివి వినిపిస్తాను. ముందు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చెప్పాక.