పార్టీ మారని ఎర్రపుంజు

ఆ రోజుల్లో జమ్మలమడుగు పక్కన మా ఊళ్లో గాలి కూడా ఏదో ఒక పార్టీ తరఫునే వీచేది. (రాస్తాండావా? నవ్వకుండా రాయి.) తూర్పు వీధి మీసాలాయనది, పడమటి వీధి అద్దాలాయనది. ఒకరి మనిషి ఇంకొకరి వీధిలో కాలు పెడితే బాంబు పడేది. ఈ సంగతి తెలియనివి నా కోళ్లొక్కటే. పొద్దున గంప ఎత్తగానే రెండు వీధుల దిబ్బలూ సమానంగా కెలికి, మునిమాపుకు ఇల్లు చేరేవి.

పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక పెట్ట, ఒక ఎర్రపుంజు. వాటితోనే ఆ మందంతా చేశాను. గద్దొస్తే అరిచి తోలేదాన్ని, ముంగిస రాకుండా గూటి చుట్టూ ముళ్లకంప వేశాను. జీపులో వచ్చేవాళ్లకే మందు లేదు. మాది తూర్పు వీధి కదా, మీసాలాయన తోటలో మీటింగు పెట్టినప్పుడల్లా ఆయన మనుషులు వచ్చి, "పార్టీకి కోడి కావల్లక్కా" అనేవాళ్లు. గద్దన్నా పిల్లతో సరిపెట్టుకునేది. వీళ్లు గుడ్లు పెట్టే పెట్టనే ఎంచి పట్టేవాళ్లు. నా మొగుడికి, అదే మీ జేజినాయనకు చెబితే, "మన పార్టీనే కదే!" అని నన్నే కసిరేవాడు.

ఒకనాడు పుంజు మీదే చెయ్యి వేశారు. అది పోతే ఇక మంద లేదు. నోటికొచ్చింది అనేశాను.

"అది చర్చికి మొక్కుకున్న పుంజన్నా. కోత పండగకు ఇయ్యల్ల. ముట్టుకుంటే మీ ఇష్టం!"

బాంబుకు భయపడనివాడు చటుక్కున చెయ్యి తీసేశాడు. "అన్నీ మొక్కుకున్నేనా?"

"అన్నీ!"

కొన్నాళ్లు నేనూ కోళ్లూ సుఖపడ్డాం. అంతలో సర్పంచి ఎలక్షన్లు వచ్చాయి. కోత పండగనాడు మీసాలాయనే స్వయంగా జీపు దిగాడు. "నీ మొక్కంటే మన పార్టీ మొక్కే పాపా" అని, మందనంతా గంపలకెత్తించి మేళంతో చర్చికి నడిచాడు. వెనకే నేను ఏడుస్తూ పోయాను. "ఎంత బక్తి సూడు!" అన్నారు ఆడవాళ్లు.

కానుకలు వేలం వేయడం మా చర్చిలో ఆనవాయితీ. పెట్టలన్నీ మీసాలాయనే పాడుకుని తోటకు పంపాడు. అవే కోళ్లు, అదే తోట, ఈసారి ప్రార్థన అదనం! ఎర్రపుంజు వంతు వచ్చేసరికి పంతానికి అద్దాలాయన లేచాడు. ఇద్దరూ పాడగా పాడగా పాస్టరయ్యగారి మొహం చేటంతయింది. చివరికి పుంజు పడమటి వీధికి పోయింది.

దీపాలు పెట్టే వేళకు, తెగిన తాడు ఈడ్చుకుంటూ, నడివీధిలో ఠీవిగా నడుచుకుంటూ వచ్చి గూట్లో దూరింది! వెంటే పడమటి వీధి వాళ్ల అరుపులు.

"మా పుంజును పంపుతారా లేదా?"

"దమ్ముంటే వచ్చి పట్టుకపోండి!" మీ జేజినాయన.

కోడి కోసం తలలు లేచేటట్టున్నాయి. పుంజును చంకన పెట్టుకుని అద్దాలాయన ఎదుటికే పోయాను.

"ఇంద. రేపూ వస్తాది, ఎల్లుండీ వస్తాది. దినామూ తెచ్చిచ్చేది నాతో కాదు సామీ!"

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "మావోళ్లల్లో ఇంత నమ్మకమైనోడు ఒక్కడూ ల్యాడు. నువ్వే పెట్టుకో పో పాపా."

ఆ పై ఎలక్షన్లకు ఇద్దరు పెద్దాయనలూ ఒకటే కండువా కప్పుకుని, ఒకటే జీపులో కోడి అడగడానికి వచ్చారు. మా ఊళ్లో పార్టీ మారకుండా చచ్చింది ఆ పుంజొక్కటే.

ఇప్పటికీ ఆకాశంలో గద్ద తిరిగినా, వీధిలో జీపు ఆగినా, "హుష్" అని లేస్తాను. ఇంట్లో కోళ్లు లేవన్నది ఆ తర్వాత గుర్తొస్తుంది.