దానియేలు మాస్టారి ముందు చక్రం

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చిస్తే షాపులో మేకుకి తగిలించి మరిచిపోయిన మనిషిని. సైకిళ్ళు బాగుచేసేవాడికి ప్రతిదానికీ ఒక కారణం కనిపిస్తుంది. గాలి పోయిందంటే ఎక్కడో కన్నం ఉంటుంది. ట్యూబు నీళ్ళలో ముంచితే బుడగలు ఆ చోటు చూపిస్తాయి. ఈ ఒక్క సంగతికి మాత్రం ఇన్నేళ్ళుగా వెతుకుతున్నా కన్నం దొరకలేదు.

ఇందులో నా తప్పు ఉంది. దాన్ని తగ్గించి రాయను.

డెబ్బై ఏడులో బందరులో, చిలకలపూడి వెళ్ళే రోడ్డు మీద నాకు చిన్న షాపు ఉండేది. రిపేర్లు చేసేవాణ్ణి, ఆరు సైకిళ్ళు అద్దెకి తిప్పేవాణ్ణి. ఉప్పెనకి ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం, దానియేలు మాస్టారు సైకిలు ముందు భాగం ఎత్తి పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చారు. ఆయన దివిసీమలో, కోడూరు అవతల ఒక పల్లెలో మిషను బడి పంతులు. పుస్తకాల కోసం బందరు వచ్చినప్పుడల్లా నా దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఈసారి గేదె అడ్డం వస్తే తప్పించబోయి కల్వర్టుకి గుద్దారట. ముందు చక్రం ఎనిమిది అంకెలా మెలి తిరిగిపోయింది.

"లెక్కల మాస్టారి సైకిలు కదా తమ్ముడూ, పడినా అంకె వేసే పడింది" అన్నారు.

పొద్దున్నకల్లా ఇస్తానని మాటిచ్చి, నా షాపు పేరూ నంబరూ కొట్టిన రేకుబిళ్ళ చేతిలో పెట్టాను. రిపేరుకి ఇచ్చిన ప్రతివాళ్ళకీ అలా ఒక బిళ్ళ ఇచ్చేవాణ్ణి. ఆయనది పదకొండు.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాను. చక్రం తిప్పుతూ సుద్దముక్క రిమ్ము పక్కన పట్టుకుంటే వంకర ఉన్నచోట గీత పడుతుంది. అక్కడ ఒక పక్క చువ్వలు బిగించి, రెండో పక్కవి వదులు చెయ్యాలి. రెండు గంటలు కూర్చున్నాను. చివరికి సుద్ద ఎక్కడా తగలకుండా తిరిగింది. అంత నేరుగా వచ్చిన చక్రాలు నా చేతి మీద తక్కువ.

తెల్లారి ఏడింటికి, గుడివాడ దాకా ఊళ్ళ వెంట బట్టలమ్ముకునే ఒకాయన అద్దె సైకిలు కోసం వచ్చాడు. అప్పటికి ముసురే తప్ప గాలి లేదు. మిగిలిన ఒక్క సైకిలుకీ ముందు ఇరుసు విరిగి ఉంది. బేరం వదులుకోబుద్ధి కాక మాస్టారి చక్రం ఊడదీసి దానికి బిగించి పంపాను. రిపేరుకొచ్చిన సైకిలు సామాను ఒక పూటకి అద్దె సైకిలుకి వాడుకోవడం మా వీధిలో అందరికీ అలవాటే. సాయంత్రానికి తిరిగొస్తుంది, మళ్ళీ బిగించేస్తాం, ఎవరికీ తెలియదు.

మాస్టారు ఎనిమిదింటికి వచ్చారు. అప్పటికి గాలి లేచింది. రిమ్ము చీలిపోయిందనీ, కొత్తది తెప్పిస్తున్నాననీ, రేపు రమ్మనీ చెప్పాను. ఎదుట చక్రం లేని సైకిలు వేలాడుతోంది కాబట్టి నా మాటకి అడ్డేమీ రాలేదు.

"ఇంటి దగ్గర మా ఆవిడా ఇద్దరు పిల్లలూ మాత్రమే ఉన్నారు తమ్ముడూ. పూరిల్లు" అన్నారు. నేను కిందికి చూస్తూ ట్యూబు గీకుతున్నాను. సర్లే నువ్వేం చేస్తావు అని ఆయనే నాకు సర్దిచెప్పి బస్టాండు వైపు వెళ్ళారు.

ఆ రోజు ఏం జరిగిందో మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. దివిసీమ మీదికి సముద్రం వచ్చింది. బట్టలాయన నాలుగో రోజున తిరిగొచ్చాడు. శనివారం పదకొండు దాటాక గుడివాడ చేరి, సత్రం వసారాలో సైకిలుకి తాళం వేశాడట. మళ్ళీ తీసింది నాలుగో రోజునే. ఈ మాట నేను తర్వాత రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను.

మూడు వారాలకి చల్లపల్లి వైపు నుంచి ఒక రైతు నా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ శనివారం రోడ్డు పక్క చెట్టు కూలి ఒక మనిషి పోయాడనీ, బస్సు సగం దారిలో వెనక్కి తిరిగితే నడిచి వస్తున్నాడనీ చెప్పాడు. రైసుమిల్లు పన్నెండు గంటల కూత వేసిన కాసేపటికే జరిగిందట. ఎవరూ రాకపోతే వాళ్ళే పాతిపెట్టారు. జేబులో దొరికినవి తెచ్చాడు: పదకొండో నంబరు బిళ్ళ, కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. ఆ దారం కట్టింది నా షాపులోనే.

సైకిలుంటే ఆ చెట్టు కూలే వేళకి ఆయన పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్ళి ఉండేవారు.

మర్నాడు చక్రం బిగించి, సైకిలు బస్సు మీద వేయించుకుని అవనిగడ్డలో దిగాను. అక్కడి నుంచి తొక్కడానికి మనసు రాక నడిపించుకుంటూ వెళ్ళాను. ఊళ్ళో డాబా బడి తప్ప ఏదీ నిలబడి లేదు. మాస్టారి భార్య రూతమ్మగారూ, ఇద్దరు ఆడపిల్లలూ ఆ బడి వరండాలోనే ఉన్నారు. బతికి ఉంటారని నేను అనుకోలేదు.

ఆవిడ సైకిలు చూసి లేచి వచ్చి సీటు మీద చెయ్యి వేసింది.

"నీళ్ళలో పోయిందనుకున్నామండీ. ఎక్కడ దొరికింది?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. శనివారం మూడు గంటల వేళ, ఇంటి కప్పు లేచిపోతుంటే మాస్టారు ఈ సైకిలు మీద వచ్చారట. చిన్నదాన్ని కడ్డీ మీద, పెద్దదాన్ని వెనక ఎక్కించుకుని బడిలో దింపి, మళ్ళీ వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళారట. పక్కింటి ముసలమ్మని తెస్తానని తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి.

"అంత గాలిలోనూ సైకిలు నేరుగా పోతోంది, బందరు తమ్ముడు చక్రం బాగా తీశాడు అన్నారండీ. ఆయనకి అద్దాలు లేకపోతే గడప కూడా ఆనదు. ఆ రోజు అద్దాలు లేవు మొహాన. వానకి తీసేశారేమో అనుకున్నాను."

నా చెయ్యి జేబులో ఆ అద్దాల మీదే ఉంది. ఊరుకుని వచ్చేద్దామనే అనుకున్నాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టబోయింది. అప్పుడు అద్దాలు తీసి ఆవిడ చేతిలో పెట్టి, అద్దె సైకిలు, నా అబద్ధం, చెట్టు, మిల్లు కూత, అంతా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. అద్దాల దారం వేలితో తడిమి చూసింది. పెద్దపిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"మరి నా పిల్లల్ని ఎవరు తీసుకొచ్చారు సాయిబుగారూ?" అని అడిగింది.

గాలివానలో, భయంలో, ఇంకెవరినో చూసి ఆయనే అనుకున్నారని నాకు నేను చెప్పుకున్నాను. కానీ తల్లీ పిల్లలూ ముగ్గురూ పొరబడతారా? వేరెవరో అయితే బందరు తమ్ముడని నన్ను తలుచుకుని ఆ మాట ఎందుకంటాడు? ఆ గంటలో చక్రం గుడివాడలో ఉంది, సైకిలు నా షాపులో వేలాడుతోంది, మనిషి చల్లపల్లి దారిలో శవమై ఉన్నాడు.

ఆవిడ కోపంగా అడగలేదు. నాకు తెలిసి ఉంటుందనే అడిగింది, జవాబు కోసం నా మొహంలోకి చూసింది. నేను సైకిలు ముందు భాగం ఎత్తి చక్రం తిప్పాను, ఎక్కడా వంకర లేకుండా తిరిగింది. ఇప్పటికీ నా దగ్గర ఉన్న జవాబు అంతే.