యాంటీబాడీ వేయని స్లైడు

ఆ రోజుల్లో నాకు చదువు కొంచెం, దాని మీద గీర మాత్రం బోలెడు. మాక్లూర్ నుంచి రోజూ బస్సెక్కి నిజామాబాద్‌లోని ఒక చిన్న పరిశోధన ల్యాబుకు వెళ్లేవాణ్ని. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. మనిషి కణం లోపల సన్నని దారాలతో అల్లిన ఒక చట్రం ఉంటుంది. కణానికి ఆకారమూ కదలికా దానివల్లే. ఆ దారాలను ఎప్పుడు అల్లాలో ఎప్పుడు విప్పాలో చూసుకునే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని మాత్రమే వెతికి అతుక్కునే యాంటీబాడీ మా ల్యాబుకు చిటికెన వేలంత సీసాలో, మంచుగడ్డల మధ్య దర్జాగా వచ్చింది. దానికి తగిలించిన రంగు మైక్రోస్కోపు నీలి వెలుతురులో ఆకుపచ్చగా మెరిస్తే, ప్రోటీన్ అక్కడ ఉన్నట్టు. "ఈ స్లైడ్ సరిగ్గా తీస్తే ఉంటావు, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటా" అని మా మేడం మొహం మీదే చెప్పేసింది.

పని నేర్పింది మా సీనియర్, బోధనక్క. (ఊరు బోధన్ కాబట్టి ఆ పేరు. చిన్నప్పుడు చెరకు లారీల వెనక ఉరికి గడలు గుంజిన కథలు ఆమె దగ్గర ఎన్నైనా ఉండేవి.) "రెండు స్లైడ్లు చెయ్యి తమ్మీ. ఒకదానికి యాంటీబాడీ వెయ్యి, ఇంకోదానికి వెయ్యకు. వెయ్యనిది చీకటిగుండాలె. గప్పుడే మొదటిదాన్ని నమ్ముతరు" అంది. "వెయ్యనిదాంట్ల ఏముంటదక్కా, సూసెటందుకు?" అన్నాను. "ఏం లేదని సూసెటందుకేరా!" అంది. ఆమె మాట తీసేయలేక రెండోదీ చేశాను గానీ, దాని వైపు కన్నెత్తి చూడలేదు.

అది మా ఇంట్లో పసుపు ఉడకబెట్టి ఎండబోసే కాలం. వాకిలి, గోడలు, అవ్వ చేతులు, బాపు మీసాలు, అన్నీ పసుపే. నేను ల్యాబులో గ్లౌజులు వేసుకున్నాను, అంతవరకు బుద్ధిమంతుణ్నే. అయితే కణాల మీద కప్పే పల్చని గాజు బిళ్లలను తుడవడానికి ల్యాబు వాళ్ల కాగితం నాకు ఆనలేదు. సంచిలోంచి నా తువ్వాల తీసి, స్పిరిట్‌లో ముంచి, శుభ్రంగా తుడిచాను. (అవ్వ ఉతికిన తువ్వాలే. ఉతికితే పోయేది పసుపెట్లవుతుందని ఆ పూట నాకు తట్టలేదు.)

మైక్రోస్కోపులో చూస్తే కణాలన్నీ దివిటీల్లా మండుతున్నాయి! వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. "బాపూ, ప్రోటీన్ దొరికింది!" "ఏడ పోగొట్టుకున్నవ్‌రా?" అన్నాడు బాపు. వివరంగా చెప్పాను. సగం అర్థమైనా చాలు మా బాపుకు. నేను ఫోన్ పెట్టేలోపే పసుపు అమ్మే మార్కెట్ యార్డుకు బయలుదేరి, "మా పోరడు మనిషి లోపట దీపం వెట్టిండు" అని కనబడ్డవాడికల్లా చెప్పి వచ్చిండట.

సాయంత్రం మేడం వచ్చి చూసింది. "బాగుంది. రెండోది?" అంది. పెట్టాను. అదీ మండుతోంది. మొదటిదానికంటే ఎక్కువే. "యాంటీబాడీ వేయకుండానే ప్రోటీన్ పట్టావా? గొప్పవాడివే" అంది. అప్పుడు నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ తల వాలిపోతుంది. "అక్క చెప్పినట్టే చేసిన మేడం" అన్నాను.

బోధనక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. నా గాజు బిళ్లలన్నీ చూసింది, బల్ల మీది తువ్వాల చూసింది, దాన్నుంచి ఒక పోగు లాగి మైక్రోస్కోపు కింద పెట్టింది. అదే ఆకుపచ్చ మెరుపు. "మేడం, వీని ఇంట్ల పసుపు పండింది" అంది. పసుపు కూడా ఆ వెలుతురులో అట్లాగే మెరుస్తుందట! ల్యాబంతా నవ్వింది. మేడం నవ్వలేదు. "సీసాలో ఒక్కసారికే మిగిలింది. రేపు మళ్లీ చెయ్యి" అని వెళ్లిపోయింది.

మెట్ల దగ్గర అక్కను ఆపాను. "నా తప్పు నీ మీద పెట్టిన అక్కా." "పెట్టినవ్. రేపు స్లైడ్ మంచిగ తీసి నా మీదికెల్లి దించు" అంది.

మరునాడు ల్యాబు కాగితంతోనే తుడిచాను. ముందు యాంటీబాడీ వేయని స్లైడే చూశాను. చీకటి. అమావాస్యంత చక్కని చీకటి. తర్వాత యాంటీబాడీ వేసినది పెడితే కణాల అంచుల్లో మాత్రం, దారాలు విచ్చుకునే చోట, సన్నని ఆకుపచ్చ గీతలు. నిన్నటి మంటలో పిసరంత కూడా లేదు, కానీ నిజం. మేడం చీకటి స్లైడునే ఎక్కువసేపు చూసి, "ఇంక వీడి సామాన్లకు అల్మారా చూపించమ్మా" అని అక్కతో అంది. నా జీవితంలో నన్ను చూసి నేనే మురిసిపోయిన మొదటి పని ఆ చీకటే.

ఇంటికి పోయి బాపు ముందు తల దించుకుని నిజం చెప్పాను. "నిన్న మెరిసింది ప్రోటీన్ గాదు బాపూ, మన పసుపు." "మన పసుపా? మనిషి లోపట గంతగనం మెరిసిందా?" అని బాపు మీసం సవరించుకుని, చెప్పులేసుకుని మళ్లీ యార్డుకు బయలుదేరాడు.

ఇప్పుడు నా ల్యాబులో చేరే పిల్లలకు ముందుగా చీకటి స్లైడే చూపిస్తాను. "ఇందులో ఏముంది సార్?" అని అచ్చం నాలాగే ముక్కు విరుస్తారు. "ఏం లేదని సూసెటందుకేరా" అంటాను, బోధనక్క గొంతు తెచ్చుకుని. అని, ఎందుకైనా మంచిదని, వాళ్లు చూడకుండా నా గోళ్ల వైపు ఒకసారి చూసుకుంటాను.